శ్రమదినాలలో బందరు నుండి దివిసీమ దాకా

శ్రమదినాలు వచ్చాయంటే మాకు పిలుపులు ఎక్కువ. భస్మ బుధవారము మొదలు మట్టల ఆదివారము వరకు ఏదో ఒక గ్రామ సంఘములో సాయంకాలపు కూడిక ఉంటుంది. ఈసారి బందరు, గుడివాడ, దివిసీమ కలిపి పన్నెండు రోజులు తిరిగి వచ్చాము. ఆ కూడికలలో ఏ వాక్యము చెప్పామో విన్నవారికి తెలుసు. ఇక్కడ వ్రాయబోయేది భోజనము సంగతి. ఇది చిన్న విషయమని తోచవచ్చును గాని, ఆ పన్నెండు రోజులలో ఎక్కువమంది మమ్మును అడిగిన ప్రశ్న రక్షణను గూర్చి కాదు. "అయ్యగారూ, అమ్మగారూ, మీరు నీసు తింటారా, తినరా?" అన్నదే.

మేము, అనగా భార్యాభర్తలము, శ్రమదినాలలో నీసు తినము. ఇది మా పెద్దల నాటి నుండి వచ్చిన అలవాటు. సంఘము పెట్టిన ఆజ్ఞ కాదు. మన ప్రొటెస్టెంటు సంఘాలలో కొందరు నలభై రోజులూ పాటిస్తారు, కొందరు శుక్రవారము మాత్రము పాటిస్తారు, కొందరు అసలే పాటించరు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఇదేమంత కష్టము కాదు. పప్పు, చారు, మజ్జిగతో రోజులు గడిచిపోతాయి. కష్టమంతా ప్రయాణములో, అందునా కృష్ణ దిగువ డెల్టాలో. అక్కడ ఎటు చూచినా నీళ్ళు, నీళ్ళలో ఎటు చూచినా చేపలు. కాలువలో కొర్రమేను, చెరువులో బొచ్చె, రాగండి, ఏటిలో జల్ల, సముద్రములో చందువ, వంజరము, సావడాయి, మడ అడవిలో పీత. చుట్టము గడప తొక్కితే పులుసు పెట్టకుండా పంపడము ఆ ఇంటికి చిన్నతనము. వచ్చినవాడు పాస్టరు అయితే కోడిని కూడా కోస్తారు. మన పల్లెల్లో "కూర" అంటే కోడికూరో చేపల కూరో అన్నట్టే. వంకాయ వండి పెట్టి కూడా, "ఈ పూట కూర లేదండీ" అని నొచ్చుకొంటారు.

ఇక "నీసు" అన్న మాట సంగతి. కొందరు "నీచు" అనే పలుకుతారు. చేపల వాసనకు అదే మాట, మాంసాహారానికి అదే మాట. తక్కువ మనిషికీ తక్కువ పనికీ కూడా మన భాషలో అదే మాట వాడుతారు. ఆ మాట ఎలా పుట్టిందో పండితులు చెప్పవలెను. మాకు తెలిసినది మాత్రము ఇది: "మేము నీచు తినము" అని ఒక ఇంటి గుమ్మములో నిలబడి చెప్పినప్పుడు, ఆ ఇంటివారు రోజూ తినేదానికి మనము ఒక పేరు పెట్టినట్టవుతుంది. మా వరకు మేము "శ్రమదినాలు కదా, కూరగాయలతో సరిపెట్టుకొంటాము" అంటాము. ఆ సంగతి కూడా ముందురోజే ఫోనులో చెబుతాము. విస్తరి ముందు కూర్చున్న తరువాత చెప్పడము మర్యాద కాదు.

మచిలీపట్నాన్ని చుట్టుపక్కల ఎవరూ ఆ పేరుతో పిలువరు. బందరు అంటేనే తెలుస్తుంది. ఊరి పేరులోనే చేప ఉన్నదని మాత్రము సరదాగా చెప్పుకొంటారు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకపు కోఠీలు పెట్టారు. మనకు దగ్గరి చరిత్ర 1841లో మొదలవుతుంది. ఆ సంవత్సరము రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు బందరుకు వచ్చారు. ఫాక్స్ గారు పల్లెలు తిరిగి సువార్త చెప్పారు. నోబుల్ గారు 1843లో బడి పెట్టి, 1865లో మరణించేవరకు అక్కడే ఉన్నారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ ప్రాంతములో ముప్పై వేలమంది వరకు చనిపోయారని లెక్క. ఆ బడి తరువాత నోబుల్ కాలేజీ అయింది. మన కుటుంబాలలో దాని పేరు వినని ఇల్లు తక్కువ.

1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందినప్పుడు ఊరిలో పెద్ద కలకలము రేగింది. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. ఆ రోజుల్లో ఒకడు క్రైస్తవుడైనాడని లోకము గుర్తు పట్టేది అతడు ఏమి నమ్మాడో విని కాదు, ఎవరి పంక్తిలో కూర్చొని తిన్నాడో చూచి. కులము ఉండేది విస్తరిలోనే. అన్నము మనకు ఎందుకంత పెద్ద సంగతి అయినదో తెలియాలంటే ఇది గుర్తుంచుకోవలెను.

బందరులో కూరగాయల భోజనానికి కొరత లేదు. ఉదయము బస్టాండు దగ్గర ఇడ్లీ, కారప్పొడి, మినపట్టు దొరికాయి. మధ్యాహ్నము శాకాహార హోటలులో పప్పు, దోసకాయ పచ్చడి, పులుసు, గడ్డ పెరుగు పెట్టారు. చాలా హోటళ్ళ బోర్డు మీద "శుద్ధ శాకాహారము" అని ఉంటుంది. శుద్ధమంటే ఏమిటని మా ఇంటివారు అడిగారు. కూరలు కడిగి వండుతారని కాబోలు అన్నాము. నవ్వుకొన్నాము గాని, ఆ మాట వెనుక నవ్వుకోవలసినది లేదు. ఒకప్పుడు ఇలాంటి హోటళ్ళలో మన తాతలకు బల్ల దగ్గర చోటు లేదు. బయట నిలబడితే వేరే గ్లాసులో కాఫీ పోసేవారు. తాగి, కడిగి, బోర్లించి పోవలెను. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగములోని 15వ, 17వ అధికరణలు అది తప్పు అన్నాయి. 1955లో శిక్ష వేసే చట్టమూ వచ్చింది. అయినా రెండు గ్లాసుల పద్ధతి పల్లెల్లో ఆ తరువాత చాలా కాలము సాగింది. అందుచేత మన సంఘాలలో ఒక పాస్టరు "నేను కూరగాయలే తింటాను" అంటే, వెనుక వరుసలో కూర్చున్న ముసలాయనకు అది ఉపవాసములా వినబడకపోవచ్చును. పెద్దకులపు వేషములా వినబడవచ్చును. ఆయన తప్పు కాదు.

బందరు లడ్డు గురించి వ్రాయకపోతే చదువరులు ఒప్పుకోరు. శనగపిండిని పూసగా వేయించి, రోట్లో తొక్కి, బెల్లపు పాకములో నేతితో కలిపి మళ్ళీ తొక్కుతారు. అందుకే దీనిని తొక్కుడు లడ్డు అంటారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నలుపు తిరిగిన బందరు హల్వా కూడా అంతే ప్రసిద్ధి. రెండింటిలోనూ నీసు లేదు. శ్రమదినాలలో చేప మానినవాడు నేతి లడ్డు తినవచ్చునా అని మాలో మాకు కొంతసేపు వాదము జరిగింది. జిహ్వకు సుఖము కలిగించడములో లడ్డు ముందు ఉప్పుచేప ఏపాటి? పిల్లలకని అరకిలో కట్టించుకొని సంచి అడుగున పెట్టాము.

ఆ సంచిలో ఇంకొకటి ఉంది. బైబిలు, పాటల పుస్తకము పక్కన అరకిలో కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, సీసాలో నిమ్మకాయ పచ్చడి. సముద్రతీరపు గ్రామాలకు పోయేటప్పుడు ఇవి లేకుండా బయలుదేరము. ఎందుకో గిలకలదిండి వైపు పోయినవారికి తెలుస్తుంది. బందరు చేపల రేవు అదే. తెల్లవారేసరికి పడవలు, ఐసు పెట్టెలు, గంపలు, వేలము కేకలతో కిటకిటలాడుతుంది. ఆ వైపున ఒక వేటకారి ఇంట మాకు రాత్రి బస. ఆ ఇంటి ఇల్లాలు నిష్ఠ గల విశ్వాసి. మేము పప్పు సంచి బయటికి తీస్తే మొదట చిన్నబోయింది. తరువాత నవ్వి, ఉన్నమాట చెప్పింది.

"చేప మాకు కొనేపని లేదమ్మగారూ. పడవలోంచి వస్తది. వంకాయే కొనాలి, పప్పే కొనాలి. ఈ ఉప్పు నేలలో తోటకూర కూడా లేవదు. కూరగాయల బండి వస్తే రేటు విని ఊరుకుంటాము."

ఈ మాట మన పట్టణపు సంఘాలలో చాలామందికి తెలియదు. మనకు మాంసము ఖరీదు, కూరగాయ చవక. కనుక నీసు మానడము త్యాగము, మిగిలిన డబ్బు కానుక. తీరములో లెక్క తలక్రిందులు. అక్కడ అమ్ముడుపోని చిన్న చేప బీదవాని కూడు. పప్పన్నమే పండుగ భోజనము. అతిథి "మాకు చేప వద్దు, పప్పు చాలు" అంటే వినయముగా అడిగినట్టు ఉంటుంది గాని, ఆ ఇంటికి ఆ పూట ఖర్చు పెరుగుతుంది. మా ఇంటివారు వంటింట్లోకి పోయి ఆమెతో కలిసి పప్పుచారు పెట్టారు. అందరము ఒకే చాప మీద కూర్చున్నాము. వారి కంచాలలో చేపల పులుసు, మా కంచాలలో పప్పుచారు. వారి చిన్నవాడు మాత్రము రెండూ కలుపుకొని తిన్నాడు.

వేటకారుల ఇండ్లలో ఇంకొక ఉపవాసము కూడా ఉంది. దానిని ఎవరూ ఉపవాసమని పిలువరు. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తూర్పు తీరములో మరపడవల వేట నిషేధము. అరవై ఒక్క రోజులు. మన నలభై కంటె ఎక్కువే. ఆ రోజుల్లో ఎండుచేపల మీద, అప్పుల మీద ఇల్లు నడుస్తుంది. శ్రమదినాలు ముగిసి మనము పునరుత్థాన పండుగకు కోడి కోసుకొనే వేళకు, కొన్ని సంవత్సరాలలో, వారి కరువు మొదలవుతుంది.

బందరు నుండి గుడివాడకు రైలులో పోయాము. గుడివాడ జంక్షను ఊరు. బెజవాడ, భీమవరము, బందరు దారులు మూడూ అక్కడ కలుస్తాయి. చుట్టూ మాగాణి. వరి కోసిన చేలలోనే మినుము, పెసర పండిస్తారు. మేము వెళ్ళేసరికి మినుము నూర్చి ఇండ్లకు చేర్చారు. కనుక అక్కడ మా పని సులువు. మినపరొట్టె, సున్నుండలు, ములక్కాడ పులుసు, కొత్త మామిడికాయ పప్పు. ఒక రైతు కుటుంబము మాకు ఉలవచారు పోసి పైన వెన్న వేశారు. ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టి, ఆ కట్టు పారబోయక చారు కాచుకొన్న పొదుపు ఇది. ఇప్పుడు పెద్ద హోటళ్ళలో దీనితో బిర్యాని చేసి అమ్ముతున్నారు. ఎద్దులు పోయాయి, చారు మిగిలింది.

సులువు అన్నాము గాని ఒక హెచ్చరిక ఉంది. ఈ ప్రాంతములో కూరగాయ కూర అంటే అందులో నీసు లేదని అనుకోకూడదు. తోటకూరలో రొయ్యపొట్టు వేస్తారు. వంకాయలో ఎండురొయ్యలు, చింతచిగురులో రొయ్యలు, గోంగూరలో రొయ్యలు, బీరకాయలోనూ అవే. ఒక ఇంట గోంగూర వడ్డిస్తుండగా అడిగాము.

"ఇందులో ఏమీ వేయలేదు కదమ్మా?"

"ఏమీ లేదండీ, ఉత్త గోంగూరే. రుచికి గుప్పెడు రొయ్యపొట్టు, అంతే."

ఆమె దృష్టిలో రొయ్యపొట్టు కూర కాదు, పోపు దినుసు. అబద్ధమేమీ చెప్పలేదు. కోడిగ్రుడ్డు సంగతీ అంతే. "నీసు తినరని గ్రుడ్లు ఉడకబెట్టాము" అని ఎంతో ఆలోచించి చేసినవారు ఉన్నారు. ప్రయాణపు విశ్వాసులకు మా సలహా ఏమంటే, "నీసు లేనిది" అని అడగవద్దు. "పప్పు, పచ్చడి, మజ్జిగ చాలు" అని పేరు పెట్టి అడగండి. వారికి తేలిక, మీకు తేలిక.

గుడివాడలో పార్శ్వనాథుని జైనమందిరము ఉంది. బౌద్ధుల పాత దిబ్బ కూడా ఉంది. ప్రాణిని చంపరాదన్నవారు ఈ చేపల సీమలో కూడా ఒకప్పుడు ఉండేవారన్నమాట. ఇక గోరా గారి ముదునూరు ఈ జిల్లాలోనిదే. గోపరాజు రామచంద్రరావు గారు బందరు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పి, నాస్తికుడని ఉద్యోగము పోగొట్టుకొన్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రము పెట్టారు. దేవుడు లేడన్న ఆయన మాటను మనము ఎంతమాత్రము ఒప్పుకోము. అయినను అన్ని కులాలవారిని ఒక్క పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు చేయించాడు ఆ మనిషి. దేవుని బల్ల ఉన్న మనము ఆ పని ఎంతవరకు చేశామో ఎవరికి వారు చెప్పుకోవలెను.

గుడివాడ నుండి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సులో అవనిగడ్డకు చేరాము. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ సముద్రము దాకా ఉన్న నేల దివిసీమ. ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రములో కలుస్తుంది. పసుపు, అరటి, వరి చూస్తూ నాగాయలంక దాటితే, ఇక రొయ్యల చెరువులు, మడ అడవి, ఉప్పుగాలి.

దివిసీమ పేరు వింటే ఒక వయస్సు దాటినవారికి 1977 నవంబరు 19 గుర్తుకు వస్తుంది. ఆ రోజు ఉప్పెన చెట్ల ఎత్తున వచ్చి ఊళ్ళమీద పడింది. పదివేలమందికి పైగా చనిపోయారు. సొర్లగొంది వంటి గ్రామాలు తుడిచిపెట్టుకొని పోయాయి. అప్పటి శాసనసభ్యులు మండలి వెంకట కృష్ణారావు గారు ఆ జనముతో ఉండి చేసిన సేవను ఈనాటికీ చెప్పుకొంటారు. మన సంఘాలు, మిషనులు కూడా ఇండ్లు కట్టించాయి. ఇదంతా చదువరులు ఎరిగినదే. మేము వ్రాయదలచినది ఒక మామ్మగారి మాట.

ఆమె వయస్సు డెబ్బై దాటింది. నాగాయలంక అవతల ఒక చిన్న సంఘములో ఆమె ఇంట మాకు మధ్యాహ్న భోజనము. మనుమలకు చేపల పులుసు చేస్తూ, మాకు వేరే పొయ్యిమీద దోసకాయ పప్పు ఉడకబెట్టింది. వడ్డించేటప్పుడు ఆమె కూడా మా పప్పే వేసుకొన్నది. "మామ్మగారూ, మా కొరకు మీరు కూడా మానవద్దు" అన్నాము.

"మీ కోసం కాదయ్యగారూ. ఉప్పెన నాటి నుండి నేను చేప ముట్టలేదు. మా ఆయన, ఇద్దరు పిల్లలు నీళ్ళలోనే పోయారు. ఒక్కరు కూడా దొరకలేదు. ఆ తరువాత చేపను చూస్తే నోటికి పోలేదు. వండుతాను, తోముతాను, వాసన కూడా పట్టదు. తినలేను." ఇంకొంతసేపటికి ఆమె అడిగింది: "దేవుని కోసం మానింది కాదు గదా. దీనికి ఉపవాస ఫలం ఉంటదా అయ్యగారూ?"

డిప్లొమా చదువులో ఇటువంటి ప్రశ్నకు జవాబు నేర్పలేదు. ఆమె చేతులు పట్టుకొని ప్రార్థించాము. దుఃఖపడువారిని గూర్చి ప్రభువు కొండమీద చెప్పిన మాట చదివాము. ఆమె లేచి పోయి మనుమల కంచాలలో మరికొంత పులుసు వడ్డించింది.

మరునాడు జరిగిన సంగతి వివరముగా వ్రాయవలెను, ఎందుకంటే దాని మీద మాటలు వచ్చాయి. మడ అడవి అంచున ఏనాది కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆటు సమయములో బురదలో నడిచి, బొరియలలో ఇనుప కొక్కెము పెట్టి పీతలు తీయడము వారి జీవనము. పెద్ద పీతలను కట్టి ప్రాణముతోనే వ్యాపారికి ఇస్తారు. అవి దూరదేశాలకు పోతాయి. పీతల తోటివారు పీత తినరు. చిన్నవి, కాలు విరిగినవి మాత్రము ఇంటికి. మేము ఆ గుడిసెలకు వెళ్ళాలనుకోలేదు. దారిన పోతుండగా ఒక పిల్ల పరుగున వచ్చి, మా అయ్య రమ్మంటున్నాడని చేయి పట్టుకొన్నది. ఆ సంవత్సరమే బాప్తిస్మము పొందిన ఇల్లు అది. పాస్టరు తమ గుడిసెకు రావడము అదే మొదటిసారి. లోపల అన్నము వార్చి ఉంది. పెద్ద పీతలు నాలుగు పులుసు పెట్టి ఉన్నాయి. వ్యాపారికి ఇవ్వవలసినవి. ఒక రోజు కూలి ఆ చట్టిలో ఉడికిందని చూడగానే తెలిసింది.

మా ఇంటివారు ముందుగా చేయి కడుక్కొని కూర్చున్నారు. ప్రార్థన చేసి ఇద్దరమూ తిన్నాము. లూకా సువార్త పదవ అధ్యాయములో, పంపబడిన డెబ్బదిమందితో ప్రభువు ఏ ఇంట ఏమి పెడితే అది భుజించుమని చెప్పాడు. మాకు అంతకంటె ఆలోచన అక్కరలేకపోయింది. ఆ మనిషి గుమ్మములో గొంతుకూర్చొని, మేము తినడమే చూస్తూ ఉన్నాడు. తన చేతి అన్నము ఊరిలోని పెద్ద ఇండ్లవారు ఎవరూ ముట్టరని అతనికి తెలుసు. మనము సంచిలోని పప్పు తీసి అతని భార్య చేతిలో పెట్టవలసిన వేళ అది కాదు. నియమము మనది. గుడిసె అతనిది.

సాయంకాలానికి ఆ వార్త పొరుగూరి సంఘానికి మాకంటె ముందు చేరింది. ఊరి పేరు వ్రాయము. కూడిక తరువాత పెద్దలు ఆపారు. అక్కడ ఇంతకు ముందే ఒక తీర్మానము తయారై ఉన్నది. శ్రమదినాలలో నీసు తిన్నవారికి మంచి శుక్రవారమున ప్రభు బల్ల ఇవ్వకూడదని. దాని మీద మా సంతకము కూడా పెట్టించవలెనని అనుకొన్నారు. ఇప్పుడు పాస్టరుగారే పీతలు తిని వచ్చారు!

ఆ తీర్మానము వ్రాసిన పెద్దమనిషి వేషధారి కాదు. ఆయన బాధ నిజమైనది. "అయ్యప్ప మాల వేసుకొన్నవాళ్ళు నలభై ఒక్క రోజులు ముట్టరు. ముస్లిములు రంజానులో ఉమ్మి కూడా మింగరు. మనవాళ్ళు శ్రమదినాలలో కూడా కోడి కోసి, సారా తాగి, ఆదివారము ముందు వరుసలో కూర్చుంటారు. లోకము నవ్వదా అయ్యగారూ?" అన్నాడు. నవ్వుతుంది. ఆ మాట కాదనలేము. సారా సంగతిలో ఆయనతో పూర్తిగా ఏకీభవించాము. దానియేలు, అతని స్నేహితులు రాజుగారి భోజనము కాదని శాకధాన్యాదులు అడిగిన సంగతి కూడా మేమే గుర్తు చేశాము. నీసు మానినవారిని తక్కువ చేయనక్కరలేదు. వారిలో మేమూ ఉన్నాము.

గాని వెనుక చాప మీద కూర్చున్న ఒక చేపల గంపావిడ లేచింది. ఆమె సభలో మాట్లాడడము అక్కడివారు ఎప్పుడూ వినలేదట.

"నా బ్రతుకే నీసు, పెద్దాయనా. పొద్దున గంప ఎత్తితే మాపటికి దించుతాను. వాసన పోదు. మిగిలిన చేప తింటే ఆ పూట బియ్యం ఒక్కటే కొంటాను. నలభై రోజులు పప్పు కొనాలంటే అప్పు చేయాలి. అప్పు చేసి ఉపవాసం ఉండమంటారా, బల్ల మానుకోమంటారా?"

ఎవరూ మాట్లాడలేదు. మేము అపొస్తలుల కార్యములు పదవ అధ్యాయము తీసి చదివించాము. ఏది తినదగినది, ఎవరు చేర్చుకోదగినవారు అని పేతురుకు దర్శనము వచ్చినప్పుడు అతడు ఎవరి ఇంట ఉన్నాడు? యొప్పేలో, సముద్రపు దరిని ఉన్న తోళ్ళు చేసే సీమోను ఇంట. ఆ పని చేసే ఇంటిని మన దేశములో ఊరికి ఎంత దూరాన ఉంచేవారో మన సంఘాలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ఇంటి మేడమీద ఆకలితో ఉన్నప్పుడే ప్రభువు అతనికి ఆ పాఠము నేర్పాడు. లేచిన ప్రభువు కూడా గలిలయ ఒడ్డున, రాత్రంతా వేటాడి ఏమీ పట్టలేకపోయినవారికి చేపలు కాల్చి పెట్టాడు. రోమీయులకు వ్రాసిన పత్రిక పదునాలుగవ అధ్యాయము కూడా చదివాము. అది రెండు పక్కలా కోసే అధ్యాయము. తినేవాడు తిననివానిని తృణీకరింపకూడదు. తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదు.

చర్చ పదిన్నర దాటింది. మధ్యలో కరెంటు పోయింది. పెద్దమనిషి వెంటనే ఒప్పుకోలేదు. "నియమము లేకపోతే ఎవడు పాటిస్తాడు?" అన్న ఆయన ప్రశ్నకు మా దగ్గర చక్కని జవాబు లేదు కూడా. చివరకు ప్రభు బల్లకు నీసుకు ముడిపెట్టే వాక్యము కొట్టివేశారు. దాని బదులు, నీసు మానగలిగిన ఇండ్లవారు అలా మిగిలిన డబ్బు లెక్కగట్టి పిడికెడు బియ్యపు పెట్టెలో వేయవలెననీ, ఆ సొమ్ముతో వేట నిషేధపు రెండు నెలలలో సంఘములోని వేటకారుల ఇండ్లకు బియ్యము కొనవలెననీ వ్రాసుకొన్నారు. ఇది మేము చెప్పినది కాదు. కోశాధికారి అయిన ఒక యువకుడు సూచించాడు. తీర్మానము మొదట వ్రాసిన పెద్దమనిషే దానిని బలపరచాడు. తన పేరు మీద మొదటి బస్తా వ్రాయించాడు.

మట్టల ఆదివారము నాడు ఆ సంఘములోనే ఆరాధన. కానుకల వేళ బియ్యము, మినుములు, కోడిగ్రుడ్లు, ఒక అరటి గెల బలిపీఠము ముందుకు వచ్చాయి. గంపావిడ ఒక పెద్ద కట్ట ఎండు సావడాయిలు తెచ్చి పెట్టింది. శ్రమదినాలలో బలిపీఠము దగ్గర ఎండుచేపలు పెట్టవచ్చునా అని ఒకరిద్దరు మా ముఖము చూశారు. ప్రార్థన చేసి అన్నిటితో పాటు అంగీకరించాము. ఆరాధన తరువాత వేలము వేశారు. అరటి గెల కంటె సావడాయిల పాట ఎక్కువ దూరము పోయింది. పెద్దమనిషి ఒకవైపు, మేము ఒకవైపు పాడాము. ఆయన మా కోసము ఆగిపోయాడేమో తెలియదు గాని, కట్ట మాకే వచ్చింది. బస్సులో వాసనకు కండక్టరు సంచిని వెనుక సీటు క్రింద పెట్టించాడు. లడ్డూలు వేరే సంచిలోకి మార్చుకొన్నాము. ఇంటికి వచ్చి కట్టను పిల్లికి అందకుండా దూలానికి కట్టి, పునరుత్థాన పండుగ దాకా ముట్టవద్దని పిల్లలకు చెప్పాము. రోజూ బడి నుండి రాగానే దానివైపు చూచి, ఇంకా ఎన్ని రోజులని అడుగుతున్నారు.